రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: లింఫోమా ఫైలులో వైరస్ కాగితం

పోయిన పాఠంలో ముక్క పరీక్ష (బయాప్సీ) కాగితం చదివాం. అందులో సీడీ20 (కణం పైన ఉండే ఒక ప్రొటీన్ గుర్తు) అన్న మాట ఎక్కడుందో వెతికి కింద గీత పెట్టుకోమని పని ఇచ్చాను. సీడీ20 పాజిటివ్ అని ఉంటే ఆ లింఫోమా దాదాపుగా బీ కణాలనే ఒక రకం తెల్లకణాల నుంచి పుట్టిందని అర్థం. ఆ గీత అలాగే ఉంచండి, ఈ పాఠంలో దాంతో పెద్ద పనే ఉంది.

ఈసారి తీయాల్సింది వైరస్ పరీక్షల కాగితం. మామూలుగా ఒకటే పేజీ ఉంటుంది. హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ, యాంటీ హెచ్‌సీవీ, హెచ్‌ఐవీ అని వరుసలుంటాయి. మొదటి రెండూ హెపటైటిస్ బివి, మూడోది హెపటైటిస్ సిది. పక్కన రియాక్టివ్ (వెతికిన గుర్తు దొరికింది) అనో, నాన్ రియాక్టివ్ (దొరకలేదు) అనో రాసి ఉంటుంది. గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ల్యాబు మెట్ల మీదే ఈ కాగితం తెరిచి, రియాక్టివ్ అన్న మాట కనపడగానే కాళ్లూ చేతులూ ఆడని కుటుంబాలు చాలా ఉంటాయి. వాళ్ల కోసమే ఈ పాఠం. ప్రతి వరుస దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవడం నేర్చుకోవాలి: ఇది ఎప్పుడో వచ్చి పోయిన వైరస్ గుర్తా, ఇప్పుడు ఒంట్లో ఉన్న వైరసా?

ముందు అసలు సంగతి. లింఫోమాకూ వైరస్‌కూ ఏం సంబంధం? లింఫోమా అంటే లింఫోసైట్లనే తెల్లకణాలకు వచ్చే క్యాన్సర్. వైరస్‌లతో పోరాడేది ఆ కణాలే. కొన్ని వైరస్‌లు నేరుగా ఆ కణాల్లోనే కాపురం పెడతాయి. మరికొన్ని వైరస్‌లు ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోయి, ఆ కణాలను ఊపిరి తీసుకోనివ్వకుండా విభజన చెందేలా చేస్తాయి. విభజన ఎంత ఎక్కువైతే పొరపాటుకు అంత చోటు. హెచ్‌ఐవీ అయితే రోగనిరోధక శక్తిని దెబ్బతీసి, మిగతా వైరస్‌లకు అడ్డు లేకుండా చేస్తుంది.

అయితే లింఫోమా వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి ఈ కాగితంలో ఏమీ దొరకదు. అలాగే ఈ వైరస్‌లు ఉన్నవాళ్లలో చాలా చాలా మందికి లింఫోమా రాదు. ముప్పు రెట్టింపు అని ఎక్కడైనా చదివితే, దేనికి రెట్టింపు అని అడగండి. లెక్క కోసం అనుకుందాం: పది వేల మందిలో ఒకరికి వచ్చే జబ్బు రెట్టింపైతే ఇద్దరికి వస్తుంది. మిగతా 9,998 మందికి రాదు.

దీనికి ఎప్‌స్టీన్ బార్ వైరస్‌ను, అంటే ఈబీవీని మించిన ఉదాహరణ లేదు. 1958లో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఉగాండా పిల్లల దవడల్లో వేగంగా పెరిగే గడ్డల గురించి రాశారు. అలాంటి గడ్డల నుంచి పెంచిన కణాల్లోనే 1964లో లండన్‌లో ఆంథొనీ ఎప్‌స్టీన్, బెర్ట్ అచోంగ్, ఇవోన్ బార్ ఈ వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. మనిషిలో క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌గా మొదట గుర్తించింది దీన్నే. ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్ ఉంది. లాలాజలం ద్వారా, ఎక్కువగా చిన్నతనంలోనే వచ్చి, బీ కణాల్లో జీవితాంతం నిద్రపోతుంది. అయినా ఆ దవడ గడ్డలు, అంటే బర్కిట్ లింఫోమా, అంత ఎక్కువగా కనిపించింది మలేరియా విపరీతంగా ఉన్న ఆఫ్రికా ప్రాంతాల్లోనే. వైరస్ ఒక్కటే చాలదు, దానికి ఇంకేదో తోడవ్వాలి.

కాబట్టి రక్తపరీక్షలో ఈబీవీ ఐజీజీ (ఆ వైరస్ ఎప్పుడో సోకిందని చెప్పే గుర్తు) పాజిటివ్ అని వస్తే బెంగపడకండి. మీ పక్కన కూర్చున్నవాళ్లకూ అదే వస్తుంది. చూడాల్సింది ముక్క పరీక్ష కాగితంలో ఈబీఈఆర్ అనే మాట. అది పాజిటివ్ అయితే వైరస్ ఆ గడ్డ కణాల్లోనే ఉందని అర్థం. హాడ్జ్‌కిన్ అనే రకం లింఫోమాల్లో కొన్నింటిలో, ముక్కు లోపల వచ్చే ఒక రకం లింఫోమాలో, అవయవ మార్పిడి తర్వాత వచ్చేవాటిలో అది కనిపిస్తుంది.

తర్వాత యాంటీ హెచ్‌సీవీ. ఇది హెపటైటిస్ సి వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీ. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లినా గేటు మీద వాళ్ల పేరు బోర్డు మిగిలిపోయినట్టు, వైరస్ పోయినా ఈ యాంటీబాడీ ఏళ్ల తరబడి ఉంటుంది. ఇప్పుడు వైరస్ ఉందో లేదో చెప్పేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్ అని ఉండి ఆర్‌ఎన్‌ఏ వరుసే లేకపోతే ఆ ఫైలు సగమే ఉన్నట్టు. డాక్టరుగారిని అడగండి.

ఈ వైరస్ కథలో నాకు ఎంతో ధైర్యమిచ్చే విషయం ఒకటుంది. ప్లీహంలో నెమ్మదిగా పెరిగే ఒక రకం లింఫోమా ఉన్న హెపటైటిస్ సి రోగులకు వైరస్ మందులే ఇస్తే లింఫోమా కూడా తగ్గిందని 2002లో ఫ్రాన్స్ డాక్టర్లు ప్రచురించారు. వైరస్ తగ్గితే కణాల మీద ఒత్తిడి పోయింది, గడ్డ కరిగింది. ఇప్పుడు ఎక్కువ మందికి మూడు నెలల మాత్రలతోనే నూటికి 95 మందికి పైగా హెపటైటిస్ సి నయమవుతోంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షా, మందూ ఉచితం.

ఇక హెపటైటిస్ బి. ఇక్కడ రెండు వరుసలు కలిపి చదవాలి, తొందరపడకండి. హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్ అంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉంది. అది నాన్ రియాక్టివ్ వచ్చి, యాంటీ హెచ్‌బీసీ టోటల్ రియాక్టివ్ వస్తే మామూలుగా ఎప్పుడో సోకి తగ్గిందని అర్థం. చాలామంది ఇక్కడ "హమ్మయ్య" అనుకుని పేజీ తిప్పేస్తారు. తిప్పకండి. తగ్గినా ఈ వైరస్ కాలేయ కణాల్లో కొంత దాగి ఉంటుంది.

గీత పెట్టిన సీడీ20 ఇప్పుడు తీయండి. సీడీ20 పాజిటివ్ లింఫోమాకు రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కువగా ఇస్తారు. అది గడ్డ కణాలతో పాటు మంచి బీ కణాలనూ తుడిచేస్తుంది. అప్పుడు దాగిన హెపటైటిస్ బి తిరగబెట్టి, కాలేయం ప్రమాదంలో పడవచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఈ మందు మీద పెద్ద హెచ్చరిక చేర్చింది. ముందే తెలిస్తే ఎంటెకావిర్, టెనోఫోవిర్ లాంటి మాత్రలతో దీన్ని ఆపవచ్చు. కీమో అయిపోయినా ఆ మాత్రలు ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వాడాలి. "ట్రీట్‌మెంట్ అయిపోయిందిగా" అని సొంతంగా మానేయొద్దు. యాంటీ హెచ్‌బీసీ వరుస కాగితంలో లేకపోతే మొదటి సెలైన్ ఎక్కించేలోపే "సార్, ఈ పరీక్ష చేయించారా?" అని అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

హెచ్‌ఐవీ వరుస రియాక్టివ్ అయితే ఒక్క పరీక్షతో నిర్ణయం చేయరు, వేరే పరీక్షలతో నిర్ధారిస్తారు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడేవాళ్లలో లింఫోమా ముప్పు బాగా తగ్గుతుంది. లింఫోమా వచ్చాక తేలినా రెండు చికిత్సలూ కలిపి నడుపుతారు. కొందరు ఈ ఒక్క పేజీ చింపి ఫైలు ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మందుల జోడీ ఎంచుకునేది దాన్ని చూసే. బంధువులకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. 2017 నాటి చట్టం ప్రకారం మీ అనుమతి లేనిదే ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం గోప్యంగా ఉంచాలి.

హెచ్‌టీఎల్‌వీ1, హెచ్‌హెచ్‌వీ8 అనే మరో రెండు వైరస్‌లకూ కొన్ని అరుదైన లింఫోమాలతో సంబంధం ఉంది. మన ఫైళ్లలో అవి కనిపించడం తక్కువ కాబట్టి పేర్లు తెలిస్తే చాలు. కడుపులో లింఫోమా ఉన్నవాళ్ల కాగితంలో కనిపించే హెచ్ పైలోరీ వైరస్ కాదు, బ్యాక్టీరియా.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. లింఫోమా అంటుకోదు. కంచం, గ్లాసు వేరు పెట్టాల్సిన పని లేదు. హెపటైటిస్ బి ఉందని తేలితే మాత్రం భార్య లేదా భర్త, పిల్లలు పరీక్ష చేయించుకుని, అవసరమైతే టీకా వేయించుకోవాలి. రేజర్లు, బ్రష్షులు ఎవరివి వారికే ఉండాలి.

ఇంటి పని: మిర్చి యార్డులో పనిచేసే 58 ఏళ్ల మనిషి ఫైలు ఇదనుకోండి. సీడీ20 పాజిటివ్. హెచ్‌బీఎస్‌ఏజీ నాన్ రియాక్టివ్. యాంటీ హెచ్‌బీసీ టోటల్ రియాక్టివ్. యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్. హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ నాట్ డిటెక్టెడ్. హెచ్‌ఐవీ నాన్ రియాక్టివ్. వీటిలో ఏ వరుస చూసి స్థిమితపడాలి, ఏ వరుస మీద వేలు పెట్టి డాక్టరుగారిని ప్రశ్న అడగాలి, ఆ ప్రశ్న ఏమిటి? నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. జవాబుతో పాటు పెట్ స్కాన్ కాగితం 6వ పాఠంలో చదువుదాం.