పొలం కాగితాలు, ఈ-ఆధార్: వెబ్‌సైటు నుంచి ప్రింటు దాకా

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ గవర్నరుపేటలోనో జిరాక్సు షాపు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాటలు తప్పక వినిపిస్తాయి. సెల్‌ఫోను తెర మీద అడంగల్ (పొలం, పంట వివరాల పత్రం) చూపిస్తూ "ఇది ప్రింటు తీసివ్వు బాబూ" అని ఒక రైతు అంటారు. "ఫైలు పంపండి బాబాయ్" అని షాపు కుర్రవాడు అంటాడు. తెర మీద కనిపిస్తున్నది ఇంకా వెబ్‌సైటులోనే ఉన్నదని, ఫోనులోకి రాలేదని ఆయనకు అప్పుడు గాని తెలియదు. స్క్రీన్‌షాట్ తీసి పంపితే ప్రింటులో అక్షరాలు మసకబారి, సర్వే నంబరులో 3 ఏదో 8 ఏదో పోల్చుకోలేని పరిస్థితి వస్తుంది. అందువల్ల ముందుగా పత్రాన్ని పి.డి.ఎఫ్. ఫైలుగా భద్రపరచుకుని, తెరిచి చదివి, ఆ తరువాతే ప్రింటుకు ఇవ్వాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్, 1-బి (ఖాతాదారు పేరున ఉన్న భూముల వివరాలు), గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల) పటం చూసుకోవచ్చు. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని, సర్వే నంబరు గాని ఖాతా నంబరు గాని ఇచ్చి, పక్కన కనిపించే కోడ్ టైపు చేయాలి. మన ప్రాంతం వారు ఎక్కువగా తడబడేది జిల్లా దగ్గరే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనతో నరసరావుపేట పల్నాడు జిల్లాకు, రేపల్లె బాపట్ల జిల్లాకు, మైలవరం ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లాయి గనుక, పాత పాసుపుస్తకంలో ఉన్న జిల్లా పేరు ఎంచుకున్నప్పుడు మీ మండలం జాబితాలో కనిపించకపోతే కొత్త జిల్లా పేరుతో వెతకండి. అన్నీ సరిగా ఇచ్చినా పత్రం తెరుచుకోకపోతే, బ్రౌజరు పాప్-అప్‌ను (విడిగా తెరుచుకునే కిటికీని) ఆపివేసిందేమో చూసి ఆ సైటు వరకు అనుమతి ఇవ్వాలి.

పత్రం తెరుచుకున్నాక డౌన్‌లోడ్ బటన్ కనిపించకపోయినా ఇబ్బంది లేదు. కంప్యూటరులో కంట్రోల్, పి మీటలు కలిపి నొక్కి, ప్రింటరు పేరు ఉండే చోట 'సేవ్ యాజ్ పి.డి.ఎఫ్.' ఎంచుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ వాడేవారు మూడు చుక్కలు నొక్కి, 'షేర్'లోకి వెళ్లి, 'ప్రింట్' ఎంచుకుంటే అదే అవకాశం వస్తుంది. ఫైలుకు ఊరి పేరు, సర్వే నంబరు, తేదీ కలిపి పేరు పెట్టుకుంటే నెల తరువాత కూడా వెతుక్కునే పని ఉండదు.

ఇక ఈ-ఆధార్, అంటే ఇంటర్నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకునే ఆధార్ ఫైలు, పాస్‌వర్డు లేనిదే తెరుచుకోదు. ఆధార్‌లో ఇంగ్లీషులో ఉన్న పేరులోని మొదటి నాలుగు అక్షరాలను పెద్ద అక్షరాల్లో టైపు చేసి, వెంటనే పుట్టిన సంవత్సరం నాలుగు అంకెలు వేయాలి. ఖాళీలు లెక్కలోకి రావు, చుక్క మాత్రం వస్తుంది. ఇంటిపేరును పొడి అక్షరాలుగా ముందు రాసుకునే మన అలవాటు ఇక్కడే చిక్కు తెస్తుంది. కె పక్కన చుక్క పెట్టి రావు అని ఉంటే కె, చుక్క, ఆర్, ఏ అవుతాయి. చుక్క లేకుండా సిహెచ్ వెంకటరావు అని ఉంటే సి, హెచ్, వి, ఇ అవుతాయి. డిజిటల్ సంతకం దగ్గర పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తే, ఫైలును అడోబ్ రీడర్‌లో తెరిచి, సంతకాన్ని సరిచూసుకుని, ఆకుపచ్చ టిక్కు వచ్చిన తరువాతే ప్రింటు తీయండి. పూర్తి నంబరు అవసరం లేని చోటుకు చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు.

ప్రింటు తీసేటప్పుడు అడంగల్‌కు, 1-బికి 'ఫిట్' ఎంచుకుంటే అంచులు తెగవు. ఎఫ్.ఎం.బి.కి మాత్రం అలా చేయకూడదు. పటం మీద స్కేలు ఇచ్చి ఉంటే, కాగితానికి సరిపెట్టడానికి యంత్రం చేసిన కుదింపు వల్ల గట్టు కొలతలు తప్పుతాయి. 'యాక్చువల్ సైజ్' పెట్టాలి, పటం ఏ4లో పట్టకపోతే ఏ3 కాగితం అడగాలి. తెలుగు పత్రాలకు మరో బెడద ఉంది. తెర మీద చక్కగా ఉన్న అక్షరాలు కాగితం మీద చెదిరిపోతాయి. ఒకసారి నా 1-బి ప్రింటులో త వత్తు ఎగిరిపోయి కొత్తపాలెం కాస్తా కొతపాలెం అయింది. అడోబ్ రీడర్ ప్రింటు పెట్టెలో 'అడ్వాన్స్‌డ్' నొక్కి 'ప్రింట్ యాజ్ ఇమేజ్' ఎంచుకుంటే చాలావరకు కుదురుకుంటుంది. ఇలా ఇంటర్నెట్‌లో తీసుకున్న కాపీ మీ వివరాలు చూసుకోవడానికి సరిపోతుంది. ధ్రువీకరించిన నకలు అడిగితే మాత్రం మీసేవా వంటి ప్రభుత్వ సేవా కేంద్రానికి వెళ్లాల్సి ఉంటుంది.

నెట్ సెంటరు కంప్యూటరులో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేయకపోవడమే మంచిది. తప్పనిసరి అయితే, ప్రింటు అయ్యాక లాగవుట్ చేసి, డౌన్‌లోడ్స్‌లోని ఫైలును షిఫ్ట్, డిలీట్ మీటలతో తొలగించండి. షాపు వాట్సాప్‌కు పంపిన ఫైలును మీ కళ్లెదుటే తీసివేయించండి. చెడిపోయిన ప్రింట్లను కౌంటరు మీద వదిలిపెట్టకుండా వెంట తెచ్చుకోండి. ఒక షాపులో నాకు నలభై రూపాయల బిల్లు రాసి ఇచ్చిన చీటీని తిరగేస్తే, వెనక ఎవరిదో ఆధార్ కార్డు ఉంది.