మామిడి లోడ్లకు ముందు హెడ్ గ్యాస్కెట్ విప్పుతున్నారా? ఆగి ఇవి చూసుకోండి

మార్చి నెలాఖరుకి మా విజయనగరం వైపు పాత పికప్పులన్నీ మెకానిక్ షెడ్ల ముందు వరస కడతాయి. ఇంకొన్ని వారాల్లో మామిడి లోడ్లు మొదలవుతాయి. ఎండ ముదురుతుంది. సాలూరు దాటి కోరాపుట్ ఘాటీ ఎక్కాలన్నా, ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా అరకు ఎక్కాలన్నా ఇంజిన్ సంగతి అప్పుడే బయటపడుతుంది. ఘాటీలో బండి నిండా లోడు, రెండో గేరు, రేడియేటర్‌కి తగిలే గాలి తక్కువ. అంతకుముందు నుంచే నీరసంగా ఉన్న హెడ్ గ్యాస్కెట్ అక్కడ చేతులెత్తేస్తుంది. ఇంజిన్ బ్లాక్‌కీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య పెట్టే సీలు పొరే ఈ గ్యాస్కెట్.

నాది పాత టర్బో డీజిల్ పికప్. కొన్న కొత్తలో లాగుడు చాలట్లేదని, ఇంజిన్‌కి ఎక్కువ డీజిల్ అందేలా పంపు పెంచించాను. ఖాళీ బండి భలే పరిగెత్తేది. పంపు పెంచితే సిలిండర్‌లో ఒత్తిడీ వేడీ కూడా పెరుగుతాయని, ఆ భారమంతా హెడ్ బోల్టులూ గ్యాస్కెట్టే మోయాలని అప్పుడు నా బుర్రకి తట్టలేదు. మొదటిసారి గ్యాస్కెట్ పోయినప్పుడు హెడ్‌ని లేత్ షాపులో ఫేసింగ్‌కి (అడుగు ముఖం చదును చేయడానికి) ఇవ్వాలన్నారు, రెండు రోజులు పడుతుందన్నారు. లోడు ఒప్పుకున్నాను, టైం లేదు, గ్యాస్కెట్ మార్చి ఇచ్చేయమన్నది నేనే. పదకొండో రోజున సాలూరు ఘాటీ సగంలో బండి మళ్లీ ఉడికిపోయింది. తోడుగా వచ్చిన డ్రైవరు "ఏటీ అవదు బాబూ, నీళ్లు పోసీసి లాగించీ" అన్నాడు. లాగించాను. హెడ్ పగిలింది. రెండు రోజులు మిగుల్చుకుందామని చూస్తే రెండు వారాలు పోయాయి, మామిడి మరొకరి బండిలో వెళ్లింది.

అందుకే విప్పేముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: అసలు ఎందుకు పోయింది? గ్యాస్కెట్ ఊరికే పోవడం తక్కువ. రేడియేటర్ పూడిపోవడమో, ఫ్యాన్ బెల్ట్ జారడమో, వాటర్ బాడీ (నీళ్ల పంపు) కారడమో, నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండిపోవడమో ముందు జరిగి ఉంటుంది. హెడ్ వేడెక్కి వంగింది, వంగిన చోట గ్యాస్కెట్ కాలింది. కారణాన్ని వదిలేసి గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారిన పోతుంది. థర్మోస్టాట్ పీకి పారేస్తే బండి చల్లగా ఉంటుందని మన దగ్గర చాలామంది నమ్ముతారు. కొన్ని ఇంజిన్లలో అది తీసేస్తే నీళ్లు రేడియేటర్‌లోకి పూర్తిగా వెళ్లకుండా అడ్డదారిలో తిరిగి ఇంజిన్‌లోకే వస్తాయి. పాడైతే కొత్తది వేయండి, తీసి మాత్రం పారేయకండి.

గ్యాస్కెట్టే పోయిందని రూఢి చేసుకోండి. సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లపొగ, కారడం కనిపించకుండానే నీళ్లు తగ్గడం, స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ పైపు రాయిలా బిగుసుకోవడం, రేడియేటర్ మూత తీసి చల్లని ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా రావడం, ఇవీ గుర్తులు. ఆయిల్ పాలటీలా మారిందంటే అనుమానం బలపడినట్టే. అయితే ఆయిల్ కూలర్ లోపల చిల్లు పడినా ఆయిలూ నీళ్లూ కలుస్తాయి. హెడ్ దింపడానికి ముందు దాన్ని పరీక్ష చేయించండి, అనవసరపు ఖర్చు తప్పుతుంది.

బండి ఉడుకుతున్నప్పుడు రేడియేటర్ మూత జోలికి పోకండి. మూత మీద 0.9 బార్ అని ఉంటే లోపలి నీళ్లు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పగానే ఒత్తిడి పోయి అవి ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదకి ఎగజిమ్ముతాయి. గోనెసంచి కప్పి తిప్పడం కూడా తెలివి కాదు. పై హోస్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగండి. ఉడికిన ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించకండి. హెడ్ పగలడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. ఇక రేడియేటర్‌లో పసుపు పోసి కారడం ఆపే చిట్కా ఊరు చేరడానికి పనికొస్తే రావచ్చు, ఆ తర్వాత రేడియేటర్ సన్నగొట్టాల్లో ఆ ముద్దని కడగాల్సింది మీరే.

ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు. గ్యాస్కెట్ పోయిన బండిని రాత్రంతా నిలిపి ఉంచితే సిలిండర్‌లోకి నీళ్లు దిగవచ్చు. నీళ్లు నొక్కితే నలగవు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే పిస్టన్ ఆ నీళ్లను గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకని నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పి, ఇంజిన్‌ని ముందు పానాతో చేత్తో తిప్పి, నీళ్లు బయటకి పోనివ్వండి. అప్పుడు నాజిల్ కన్నాల మీదకి ముఖం పెట్టకండి.

విప్పేటప్పుడు బ్యాటరీ వైరు తీయండి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే హెడ్ బోల్టులు ముట్టుకోండి. అంచుల నుంచి మధ్యకి, ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా వదులు చేయాలి. హెడ్ ఊడి రాకపోతే మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి లేపకండి, ఆ గీత దగ్గరే రేపు నీళ్లు కారతాయి. ఇనప హెడ్ బరువు తక్కువేం కాదు, చైన్ బ్లాక్ పెట్టండి, లేదంటే ఇద్దరు పట్టండి. టర్బో నోటికీ డీజిల్ పైపులకీ శుభ్రమైన గుడ్డ కట్టండి. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క రాసుకోండి. నవ్వులాటకి అనడం లేదు, సిలిండర్‌లో గుడ్డ మర్చిపోయి హెడ్ బిగించినవాళ్లున్నారు.

బ్లాక్ ముఖాన్ని ఎమరీ చక్రంతో రుద్దనివ్వకండి. ఆ పొడి ఆయిల్‌లో కలిసిందంటే బేరింగులు అరిగిపోతాయి. పాత గ్యాస్కెట్‌ని అంచు మొద్దుబారిన రేకుతో నెమ్మదిగా గీకాలి. బోల్టు కన్నాల్లో నీళ్లూ ఆయిలూ లేకుండా గాలి కొట్టి ఆరబెట్టాలి. కన్నం అడుగున ఆయిల్ నిలిచి ఉంటే, బోల్టు బిగించేకొద్దీ దానికి పోవడానికి దారి లేక బ్లాక్ పగలవచ్చు. గాలి కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.

హెడ్ వంపుని కొలిచే చూడాలి. నిటారు స్కేలు అడ్డంగా, నిలువుగా, మూలలకీ పెట్టి, కింద ఫీలర్ గేజ్ (పల్చని కొలత రేకు) దూరుతుందేమో చూడాలి. చాలా ఇంజిన్లకు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల లోపు వంపునే ఒప్పుకుంటారు, మీ ఇంజిన్ లెక్క దాని సర్వీస్ పుస్తకంలో చూడండి. పగుళ్లకి లేత్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించాకే ఫేసింగ్‌కి ఇవ్వండి. ఫేసింగ్ చేస్తే హెడ్ పల్చనవుతుంది. డీజిల్ ఇంజిన్లో పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ మొదటే తక్కువ. కొన్ని హెడ్లకి ఫేసింగ్ అసలు చేయకూడదు. గ్యాస్కెట్ల మందం కూడా వేరువేరుగా ఉంటుంది, అంచున కన్నాలో నొక్కులో చూసి గుర్తుపడతారు. పాతది పట్టుకెళ్లి సరిపోల్చి కొనండి. పెద్ద లారీ ఇంజిన్ అయితే సాలూరు లాంటి లారీల ఊళ్లో అడగడం మేలు. పని తెలిసినవాళ్లు అక్కడ ఉంటారు.

బిగింపు చేతి అంచనాతో వద్దు. టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని కొలిచే పానా) లేని మెకానిక్ దగ్గర హెడ్ పెట్టకండి, ఆయనకి ఎంత అనుభవమున్నా సరే. మధ్య నుంచి అంచులకి, పుస్తకంలో చెప్పిన మెట్ల ప్రకారం బిగించాలి. చివర డిగ్రీల లెక్కన తిప్పమన్న ఇంజిన్లలో బోల్టులు సాగుతాయి, వాటికి కొత్తవే వేయాలి. ఉక్కు పొరల గ్యాస్కెట్‌కి గమ్ పూయకండి.

ఆ తర్వాత ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి ఖాళీ) సరిచేసి, ఆయిలూ ఫిల్టరూ మార్చి, రేడియేటర్‌లో బోరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి. మన బోరు నీళ్లు ఎలా ఉంటాయో గిన్నెల అడుగున తెల్లపొర చూస్తే తెలుస్తుంది. టర్బో ఆయిల్ పైపులో కొంచెం కొత్త ఆయిల్ పోసి, డీజిల్ ఆపి సెల్ఫ్ కొట్టి, ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయండి. పొగ లోపల నిలవకుండా షెడ్డు తలుపులు తీసే ఉంచండి. నాజిల్ పైపు కారుతుంటే వేలు పెట్టి చూడకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగుతుంది. అలా జరిగితే గాయం చిన్నదనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి ప్రయాణం ఖాళీ బండితో, ఊరి చుట్టూ. నీళ్ల మట్టం, ఆయిల్ రంగు చూసుకోండి. పాత రకం గ్యాస్కెట్లకి కొన్ని వందల కిలోమీటర్లయ్యాక మళ్లీ బిగించమని పుస్తకం చెబుతుంది, ఉంటే తప్పక చేయించండి. పంపు పెంచి ఉంటే ఇదే సమయంలో పాత లెక్కకి దింపించండి, నేను దింపించాను. ఇప్పుడు ఘాటీలో లారీలు కూడా నన్ను దాటిపోతున్నాయి, పోనిస్తున్నాను.

తీసిన పాత కూలెంట్ డబ్బాని షెడ్డు బయట వదలకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, పిల్లలు రంగు చూసి షర్బత్ అనుకుంటారు. అది విషం.