కువైట్ నుంచి ఫోన్ తెప్పించుకుంటున్నారా? ముందు ఇవి చూడండి

మా కడపలో వీధికొకరన్నా కువైట్‌లో ఉంటారు. ఏడు రోడ్ల దగ్గర నా సెల్ రిపేరు షాపుకు అక్కడి ఫోన్లు వస్తూనే ఉంటాయి. చూడ్డానికి బాగుంటాయి, కెమెరా ఇంకా బాగుంటుంది. కొన్నిట్లో మాత్రం ప్లే స్టోర్ ఉండదు. “నాయనా, కొడుకు పంపించినాడు, బ్యాంకు యాప్ ఎక్కడంల్యా, ఎక్కించియ్యి” అని ఒక పెద్దమ్మ వచ్చింది. “ఇది నా చేతిలో లేదు పెద్దమ్మా, అమెరికా చేతిలో ఉంది” అంటే ఎగతాళి చేస్తున్నాననుకుంది.

నిజంగానే సంగతి అంత దూరం పోతుంది. 2019 మేలో అమెరికా వాణిజ్య శాఖ చైనా కంపెనీ హువావేను ఎంటిటీ లిస్టులో పెట్టింది. ఆ లిస్టులో ఉన్నవాళ్లకు అమెరికా కంపెనీలు లైసెన్సు లేకుండా చిప్పులుగానీ సాఫ్ట్‌వేర్‌గానీ ఇవ్వకూడదు. ఫోన్‌ను నడిపించే ఆండ్రాయిడ్ అసలు కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి అది మిగిలింది. ప్లే స్టోర్, జీమెయిల్, మ్యాప్స్ గూగుల్ సొంతం కాబట్టి అవి పోయాయి. ఆ సెప్టెంబరులో హువావే కొత్త ఫోన్ మేట్ 30 గూగుల్ యాప్‌లు లేకుండానే విడుదలైంది. అంతకుముందు అమ్మిన ఫోన్లలో మాత్రం ప్లే స్టోర్ నడుస్తూనే ఉంది.

గొడవ వచ్చిందని చేతిలో ఉన్న ఫోన్ తెల్లారేసరికి ఆగిపోదు. దెబ్బ పడేది రేపు కొనే ఫోన్ మీద. అందుకే కంపెనీ పేరు చూసి భయపడొద్దు, పేరు చూసి నమ్మొద్దు. మోడల్ ఏది, ఏ ఏడాది వచ్చింది, అది అడగండి.

కొనేముందే, షాపులో నిలబడి ఉండగానే మీవాళ్లను వీడియో కాల్ చేయమనండి. ప్లే స్టోర్ తెరిచి, పైన మూలన ఉన్న ఫొటో గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లో ‘అబౌట్’కు పోవాలి. ప్లే ప్రొటెక్ట్ దగ్గర ‘డివైజ్ ఈజ్ సర్టిఫైడ్’ అని ఉండాలి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’, అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడాలి. ఏడాది దాటిన తేదీ ఉండి, కొత్త అప్‌డేట్ కూడా రాకపోతే బేరం వదిలేయండి.

ఎవరో వాడిన పాత ఫోనైతే ఇంకొకటుంది. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. ఇక్కడి నుంచి మీరు ఇంగ్లీషులో కేవైఎం (KYM) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పెట్టండి. బ్లాక్‌లిస్ట్ అనో డూప్లికేట్ అనో వస్తే ఇక మాట్లాడేది లేదు.

“గూగుల్ మేం ఎక్కిస్తాం, ఐదు నిమిషాల పని” అనే షాపులుంటాయి. ఎక్కిస్తారు కూడా. అలా ఎక్కించినదాంట్లో సినిమాలు చూసుకోండి, బ్యాంకు మాత్రం పెట్టొద్దు.

మన దేశం వైపు నుంచి వచ్చిన దెబ్బ వేరే రకం. సరిహద్దులో చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లు ఆపింది. ఫోన్లన్నీ బాగానే ఉన్నాయి, టిక్‌టాక్, షేర్‌ఇట్, క్యామ్‌స్కానర్ పోయాయి. వెంటనే ‘టిక్‌టాక్ ప్రో’ పేరుతో దొంగ లింకులు వాట్సాప్‌లో తిరిగాయి. ఏ యాప్ ఆగినా ఇదే జరుగుతుంది, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ లేకుండా యాప్ ఎక్కించే ఫైలు) ముట్టుకోవద్దు. పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఏదో ఒక యాప్‌లోనే వదిలేసేవాళ్లు చాలామంది. వాటిని పీడీఎఫ్‌గా బయటికి తీసి ఒక కాపీ మెయిల్‌లో, ఇంకొకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. యాప్ పోయినా కాగితం పోదు.

చివరగా నా వ్యాపారం మాట. ఇక్కడ అమ్మని మోడల్‌కు డిస్‌ప్లే కాంబో (స్క్రీన్, టచ్ కలిపి వచ్చే ముక్క) దొరకడం కష్టం. చెన్నై రిచీ స్ట్రీట్‌కు ఫోన్ చేసినా ‘లేదు’ అనే జవాబే ఎక్కువ వస్తుంది. కొనకముందే మోడల్ నంబరు మీ వీధిలో రిపేరు అతనికి చూపించి అడగండి. బిల్లు డబ్బాలోనే పెట్టి పంపమనండి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది, రిపేరు అవసరమైతే మీవాడు మళ్లీ సెలవుకు వచ్చి పోయేటప్పుడు వెంట తీసుకుపోవాల్సిందే.