ఊరెళ్లొస్తే సర్దుకుంటుందా, డాక్టర్ దగ్గరికెళ్లాలా?

మనసు బాగోకపోతే బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో మనవాళ్ల మందు ఒకటే: వీకెండ్ ఊరెళ్లి రావడం. అలసటైతే దాంతో పోతుంది. సోమవారం బస్సు దిగగానే మనసులో మళ్లీ అదే బరువు ఉంటే, డిప్రెషన్ ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల కాగితం నింపి చూడండి. గత 2 వారాల మీద 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవాలి. జబ్బు పేరు తేల్చేది మాత్రం వాళ్లే, ఆ కాగితం కాదు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్కడ సున్నా కాకపోతే మొత్తం ఎంతొచ్చినా ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

డాక్టర్‌కి "టెన్షన్ అండీ" అంటే చాలదు. తెల్లారుజామున మూడింటికి మెలకువ, తిండి తగ్గడం, అమ్మ ఫోన్ ఎత్తబుద్ధి కాకపోవడం, ఇవన్నీ రాసుకెళ్లండి. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించాలేమో అడగండి. వాటి లోపం కూడా ఇలాగే నీరసపెడుతుంది.

డాక్టర్ డిప్రెషన్ మందు రాస్తే, గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వికారం మాత్రం మొదటి వారమే రావచ్చు. చాలామంది మానేసేది అక్కడే. బాగున్నాక కూడా ఒక్కసారిగా ఆపితే తల తిరగొచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.