హోమ్‌లో ఉన్న మనవాళ్ళని చూసి బయల్దేరేటప్పుడు గుండె బరువెక్కుతోందా?

మా ఆయనకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. విజయనగరంలో ఒక హోమ్‌లో ఉంటున్నారు. చూడడానికి వెళ్ళడం కష్టం కాదు, తిరిగి రావడమే నరకం. "వెళ్ళొస్తానండీ" అనగానే చెప్పుల కోసం వెతికేవారు, నేనూ ఇంటికి వస్తానని. బస్సులో గజపతినగరం దాకా ఏడుస్తూనే వచ్చేదాన్ని.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. పదకొండున్నరకి చేరేలా వెళ్తాను, అక్కడ భోజనం పన్నెండున్నరకి. హ్యాండ్‌బ్యాగ్ ఆఫీసు గదిలోనే పెట్టేస్తాను. అది భుజాన కనిపిస్తే చాలు, ఆయన లేచి నిలబడతారు. పావుకిలో చిక్కుడుకాయలు పట్టుకెళ్తే ఇద్దరం కూర్చుని నార తీస్తాం. పేర్లు మర్చిపోయినా వేళ్ళు మర్చిపోలేదు, కాయ కొన తుంచి నార చివరిదాకా లాగుతారు. కంచం వచ్చి మొదటి ముద్ద కలుపుకుంటుంటే ఆయమ్మ నా కుర్చీలో కూర్చుంటుంది. నేను వెళ్తున్నానని చెప్పకుండా లేచి వచ్చేస్తాను. మొదట్లో మోసం చేస్తున్నట్టు అనిపించింది. కానీ ఆయన ప్రశాంతంగా తింటున్నారని ఆయమ్మ ఫోన్లో చెప్పాక ఆ బాధ తగ్గింది.

బస్సెక్కే ముందు పైడితల్లమ్మ గుడి దగ్గర పది నిమిషాలు కూర్చుని, ఆ రోజు జరిగిన ఒక్క మంచి విషయం చిన్న నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఏడుపొస్తే అక్కడే ఏడ్చేస్తాను.

సాయంత్రం వెళ్తే మాత్రం ఇది పనిచేయదు. పొద్దుగూకితే ఆయనకి కంగారు ఎక్కువవుతుంది. ఇంకోటి, ఉన్నట్టుండి అయోమయం బాగా పెరిగినా, మగతగా ఉన్నా, అది మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల కూడా కావచ్చు. ఆ రోజే డాక్టరుకి చూపించమని అడగండి.