పిల్లలకు చారిత్రక కథ రాద్దాం – 4: పన్ను అనకుండా పన్ను కథ

పోయిన పాఠంలో మన కథకి ఒక పిల్లని ఎంచుకున్నాం. పదకొండేళ్ల గంగి, గోదావరి ఏజెన్సీలోని రంప కొండల్లో కొండరెడ్ల తెగ అమ్మాయి. కాలం 1879, ఎండలు ముదిరే ముందు. ఏజెన్సీ అనగానే చాలామంది కలం 1922 ఆగస్టు 22కీ, అల్లూరి సీతారామరాజు దాడి చేసిన చింతపల్లి పోలీస్ స్టేషన్‌కీ పరిగెడుతుంది. అల్లూరి కథ పిల్లలకి ముందే తెలుసు, తర్వాతేం జరుగుతుందోనన్న టెన్షన్ ఉండదు. అందుకే 43 ఏళ్లు వెనక్కి వెళ్లాం.

ఈసారి పని ఒక్కటే: సర్కారు నిర్ణయాన్ని గంగి ఇంటి దాకా తీసుకురావడం.

నేను మొదట రాసుకున్న పేరా ఇది: "1879 మార్చిలో రంపలో తిరుగుబాటు మొదలైంది. కల్లు హక్కుల్ని కాంట్రాక్టర్లకు అప్పగించడం దానికి ఒక ముఖ్య కారణం." తప్పేం లేదు. సోషల్ పరీక్షలో అయితే మార్కులు పడతాయి. కథలో మాత్రం పిల్లాడు పేజీ తిప్పేస్తాడు.

గంగి ఇంట్లో ఏం తగ్గిందో అడగండి. జీలుగు చెట్టు నుంచి గీసే కల్లు. అంతకుముందు ఇంటి వాడకానికి గీసుకుంటే ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. గింజలు అడుగంటిన రోజుల్లో కొండ మీద అది సగం తిండి. కల్లంటే తాగుడే అనుకునే మైదానం పిల్లలకి ఇది కొత్త, కాబట్టి ఆకలి వైపు నుంచి రావాలి. తిరగరాస్తే ఇలా వచ్చింది:

"నాన్న చెట్టు దిగాడు. ఆనప బుర్ర నిండి, నురగ వేళ్ల మీదకి కారుతోంది. గంగి ఆకుదొప్ప పట్టుకుని ముందుకొచ్చింది. రోజూ మొదటి దొప్ప తనదే. నాన్న వంచలేదు. చెట్టు కింద కూర్చున్న కొత్త మనిషి ముందు బుర్ర పెట్టాడు. ఆ మనిషి కాళ్లకి చెప్పులున్నాయి. 'రేపు ఇంకోటి' అన్నాడు."

ఆ కొత్త మనిషి కాంట్రాక్టరు తరఫువాడు. అతన్ని మొదట 'దుర్మార్గుడు' అని రాసి కొట్టేశాను. చెప్పులు చాలు. గంగికి వింత యాస కూడా పెట్టకండి. కొండరెడ్ల మాతృభాష తెలుగే.

ఇక కాలం తప్పులు. అడవి చట్టం వచ్చింది 1882లో, కాబట్టి పోడు కొట్టొద్దని దాని పేరు చెప్పి గంగిని ఎవరూ బెదిరించలేరు. దూరాలు కిలోమీటర్లలో కాదు, ఆ కాలపు కొలత క్రోసుల్లో చెప్పండి. అన్నిటికన్నా తేలిగ్గా దొర్లే తప్పు జ్వరం దగ్గర. కొండల్లో చలిజ్వరం మామూలే, మనవరాలికి అవ్వ చేత "దోమలు కుట్టాయే, అందుకే" అనిపించాలని చెయ్యి లాగుతుంది. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో. అంటే ఇంకా 18 ఏళ్లుంది. అవ్వ గాలినో, నీళ్లనో, కొండదేవతనో అనాలి. ఆవిడ తప్పుగా అనుకోవడమే కథలో నిజం.

అభ్యాసం: అదే సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో పన్నెండు వాక్యాల్లో రాయండి. పన్ను, ప్రభుత్వం, చట్టం, అన్యాయం అనే మాటలు వాడకూడదు. ఖాళీ దొప్ప ఒక్కసారైనా కనిపించాలి. వచ్చే పాఠంలో ఆ చెప్పుల మనిషికి ఒక ఇల్లూ, ఒక భయమూ ఇద్దాం.