క్యాంపుకెళ్లే ముందు పర్లాకిమిడి నాన్నలకు జాగ్రత్తలు

ముందు రైలు సంగతి. మన ఊరి మీదుగా పోయే గుణుపూర్ లైన్లో బళ్లు తక్కువ, కాబట్టి నౌపడలో దిగి పెద్ద రైలు అందుకోవాలనుకుంటే మధ్యలో బాగా ఖాళీ ఉంచుకోండి, లేదంటే పాతపట్నం వెళ్లి శ్రీకాకుళం బస్సెక్కడమే, అప్పుడు స్టేషన్ ఊళ్లో కాదు, ఆమదాలవలసలో ఉందని గుర్తుపెట్టుకుని టైము లెక్కేసుకోండి.

గ్యాస్ రెగ్యులేటర్ ఆపడం ఇంట్లో ఇంకొకరికి తెలిసుండాలి.

చేపల తొట్టి ఉన్నవాళ్లకి అసలు టెన్షన్ ఇక్కడే. మేత డబ్బా పిల్లల చేతికిచ్చారో, ప్రేమకొద్దీ గుప్పెడు పోసేస్తారు. తినగా మిగిలింది అడుగున కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. రోజుకో చిటికెడు చొప్పున పొట్లాలు కట్టి, డబ్బా అటకెక్కించండి. నీళ్లు మొత్తం మార్చేయకండి, పావు వంతు చాలు, అదీ ముందురోజే.

పిల్లాడి ఒడియా హోంవర్క్ ఎవరు చూస్తారో తేల్చుకోండి. మా ఇంట్లో అది రాత్రి వీడియో కాల్లోనే, అందుకే ఛార్జర్ బ్యాగులో పైనే పెడతాను.